రాతిలోని లాటిన్ అక్షరాలు ఫొటోలో చదవగలిగేలా తీయడం ఎలా

పాత రోమన్ కట్టడాలున్న రోమ్, పొంపేయి, నీమ్, సెగోవియా, ఎఫెసస్ లాంటి ఊళ్లలో తీసిన ఫొటోల్లో తోరణం చక్కగా వస్తుంది, స్తంభాలు వస్తాయి, వెనక ఆకాశం నీలంగా ఉంటుంది. పైన చెక్కిన నాలుగు వరుసలు మాత్రం బూడిదరంగు గీతల్లా మిగిలిపోతాయి. ఆ కట్టడాన్ని ఎవరు కట్టించారో, ఎప్పుడు, ఎందుకు కట్టించారో చెప్పేది ఆ నాలుగు వరుసలే. అవి ఫొటోలో పోవడానికి చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, మనం అక్కడికి వెళ్లిన గంటది. శాసనాన్ని దృష్టిలో పెట్టుకుని బయల్దేరితే మామూలు కెమెరాతోనే, ఆ మాటకొస్తే మంచి ఫోన్‌తోనే, అక్షరం అక్షరం పట్టుకోవచ్చు.

ముందు తెలుసుకోవలసింది గోడ దిక్కు

రోమన్ శిల్పి చెక్కిన అక్షరం రాతిలో ఒక గాడి. అడ్డంగా కోసి చూస్తే కింద మొనతేలి, పైన విప్పుకుని ఉంటుంది. అప్పట్లో చాలా శాసనాల అక్షరాలకు ఎర్ర రంగు వేసేవారు. ఇప్పుడు ఆ రంగు దాదాపు ఎక్కడా లేదు. కాబట్టి అక్షరం కంటికి కనిపించేది నీడ వల్లే. ఎండ గోడకు ఎదురుగా పడితే గాడి రెండు వాలులూ ఒకేలా వెలిగి అక్షరం మాయమవుతుంది. వెలుతురు గోడను రాసుకుంటూ పోతే ఒక వాలు వెలుగుతుంది, రెండోది నల్లబడుతుంది. వెలుతురుకీ గోడకీ మధ్య 10 నుంచి 30 డిగ్రీల కోణం ఉంటే అక్షరాలు బాగా లేస్తాయి. 10 కన్నా తగ్గితే రాతి గరుకుతనం, పగుళ్లు, ఉలి గాట్లు కూడా వాటితో పాటే లేచి అక్షరాలతో కలిసిపోతాయి.

దక్షిణం వైపు చూసే గోడ సంగతి చాలామంది అనుకునేదానికి తలకిందులు. రోమ్‌లో జూన్ నడిమి రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 71 డిగ్రీల ఎత్తుకు వెళ్తాడు. అంటే నిటారు గోడకీ ఎండకీ మధ్య మిగిలేది 19 డిగ్రీలే. ఫొటోలు తీసేవాళ్లంతా కెమెరా సంచిలో పెట్టేసే ఆ సమయమే దక్షిణపు గోడ మీది శాసనానికి సరైన సమయం. అదే డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 25 డిగ్రీల దగ్గరే ఆగుతాడు. ఎండ గోడకు దాదాపు ఎదురుగా కొట్టి అక్షరాలు చదునైపోతాయి. చలికాలంలో ఆ గోడకు పొద్దు పొడిచిన కాసేపటికి గానీ, పొద్దుగుంకే ముందు గానీ వెళ్లాలి.

తూర్పు, పడమర గోడలకు ఒకటే సూత్రం, మిట్టమధ్యాహ్నానికి దగ్గరి గంట: పడమర గోడకు ఎండ దాని మీదికి వచ్చిన మొదటి గంట, తూర్పు గోడకు ఎండ దాన్ని వదిలి వెళ్లే ముందు చివరి గంట. తూర్పు గోడకు పొద్దున్నే వెళ్తే కట్టడం బంగారు రంగులో అందంగా ఉంటుంది, శాసనం మాత్రం రాదు, ఎండ ఎదురుగా పడుతుంది కాబట్టి. కట్టడం ఫొటో ఉదయం, శాసనం ఫొటో మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు పెట్టుకోండి.

ఇక్కడే గడియారం మోసం చేస్తుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12కి కాదు. రోమ్‌లో సుమారు 1:10కి, ఫ్రాన్స్‌లోని నీమ్‌లో 1:45కి, స్పెయిన్‌లోని సెగోవియాలో 2:20 ప్రాంతంలో. స్పెయిన్‌లో 12 గంటలకు వెళ్లి ‘నడి ఎండలో తీశాను, అయినా రాలేదు’ అనుకుంటే లెక్క రెండు గంటలు తప్పినట్టే. ఫోన్‌లోని దిక్సూచి, సూర్యుడి దారి చూపించే ఏదైనా యాప్ ఉంటే ముందురోజు రాత్రే గది నుంచి ఈ పని పూర్తవుతుంది.

ఒక జాగ్రత్త. నీడ ఎటు పడిందన్న దాన్ని బట్టి మన కన్ను గుంటనూ గుబ్బనూ వేరు చేస్తుంది. వెలుతురు పైనుంచే వస్తుందని దానికి అలవాటు. రాత్రిపూట స్మారకాలకు కిందనుంచి లైట్లు వేసినప్పుడు తీస్తే, లోపలికి చెక్కిన అక్షరాలు బయటికి ఉబ్బినట్టు కనిపిస్తాయి. సంధ్య వేళ నీలి వెలుగులో కట్టడం తీసుకోండి, శాసనం మాత్రం ఆ వేళకు వద్దు.

ఎక్కడ నిలబడాలి

శాసనం 15 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. దానికి 15 మీటర్ల దూరంలో నిలబడితే కెమెరాను 42 డిగ్రీలు పైకెత్తాలి. అక్షరాల ఎత్తు ఫొటోలో నాలుగో వంతు కుంగిపోతుంది, పై వరుసలు సన్నబడతాయి. 40 మీటర్లు వెనక్కి వెళ్తే కోణం 18 డిగ్రీలకు దిగుతుంది, అక్షరాల ఎత్తులో తగ్గేది నూటికి అయిదే. అందుకే శాసనాలకు కావలసింది వైడ్ లెన్స్ కాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 135 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్, వెనక్కి నడవడానికి చోటు ఉండాలి.

కాన్‌స్టంటైన్ తోరణం (రోమ్) దీనికి మంచి ఉదాహరణ. క్రీ.శ. 315 నాటి ఈ తోరణానికి ఉత్తరం వైపూ దక్షిణం వైపూ ఒకే శాసనం ఉంటుంది. జనమంతా కొలోసియం పక్కన, అంటే ఉత్తరం వైపు నీడలో నిలబడి తీస్తారు. మీరు తోరణం దాటి దక్షిణం వైపు వెళ్లండి. వియా డి సాన్ గ్రెగోరియో రోడ్డు తిన్నగా, పొడవుగా ఉంటుంది. 50, 60 మీటర్లు వెనక్కి నడవవచ్చు. వేసవి మధ్యాహ్నం అక్కడినుంచి పైభాగం మధ్య పలకలోని అక్షరాలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ గుంటల్లో కంచు అక్షరాలు కూర్చుని ఉండేవి. ఇప్పుడు మిగిలింది గుంటలే, కాబట్టి నీడ బాగా నిలుస్తుంది. మూడో వరుసలో ‘ఇన్‌స్టింక్టూ దివినిటాటిస్’, దైవ ప్రేరణతో, అన్న మాట వెతకండి. ఏ దేవుడో చెప్పకుండా వదిలేసిన ఆ మాట మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. చౌరస్తా ఇరుకు, వెనక్కి పోతే గోడ. అక్కడ వైడ్‌గా తీసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నిలువు గీతలు సరిచేసుకోవాలి. అలా సరిచేస్తే అంచులు పోతాయి, కాబట్టి తీసేటప్పుడే శాసనం చుట్టూ అయిదో వంతు చోటు వదలండి. అంచులదాకా నింపి తీసినవాళ్లు తర్వాత మొదటి అక్షరమో చివరి అక్షరమో పోగొట్టుకుంటారు. ఇక్కడ ఒకటి కాదు, పైనుంచి కిందికి ముగ్గురు పోపుల పేర్లు ఉన్నాయి. అన్నిటికన్నా పైన 12వ క్లెమెంట్ పేరు, 1735 సంవత్సరం. దాని కింద 14వ బెనెడిక్ట్. ఇంకా కింద 13వ క్లెమెంట్, 1762. మూడూ ఒకే ఫ్రేమ్‌లో నిలువుగా తీస్తే ఆ ఫౌంటెన్ పూర్తికావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఫొటోయే చెబుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో సరిచేశాక అక్షరాల కొలత సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ‘ఓ’ (O) అక్షరాన్ని చూడండి. మొదటి, రెండో శతాబ్దాల మంచి చెక్కుడులో ‘ఓ’ దాదాపు నిండు గుండ్రం. మీ ఫొటోలో అది కోడిగుడ్డులా పొడుగ్గానో, నొక్కేసినట్టు వెడల్పుగానో ఉంటే నిలువు కొలత మార్చాలి. మూడో శతాబ్దం తర్వాతి శాసనాల్లో అక్షరాలే ఇరుకుగా చెక్కారు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ట్రాజన్ స్తంభం దగ్గర ఈ చూపు సంగతి ఆనాటి శిల్పికే తెలుసని కనిపిస్తుంది. పీఠం మీది ఆరు వరుసల్లో పై వరుసల అక్షరాలు కింది వాటికన్నా కొంచెం పెద్దవి. కిందనుంచి తలెత్తి చూసేవాడికి అన్నీ సమానంగా కనిపిస్తాయి. నేటి లాటిన్ పెద్ద అక్షరాలకు ఈ పలకే ఒరవడి. పీఠం ఇప్పటి రోడ్డు మట్టానికి దిగువన, ఆగ్నేయం వైపు చూస్తూ ఉంటుంది. రెయిలింగ్ దగ్గర నిలబడి 200 మిల్లీమీటర్ల లెన్స్ వాడాలి. పైనుంచి చూస్తున్నాం కాబట్టి సరిచేసేటప్పుడు పై వరుసలు పెద్దగా, కింది వరుసలు చిన్నగా ఉన్నాయని అన్నిటినీ సమానం చేసేయకండి. ఆ తేడా రాతిలోనే ఉంది.

కెమెరాలో ఏం పెట్టాలి

అపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100 నుంచి 400, 200 మిల్లీమీటర్ల లెన్స్‌కు షట్టర్ కనీసం 1/400. ఫోకస్ అక్షరం అంచు మీద పెట్టండి. పలక మధ్య ఖాళీ రాయి మీద పెడితే కెమెరా తడబడుతుంది. తెల్ల పాలరాయిని మీటరు బూడిద రంగుగా అనుకుని చీకటి చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ +0.7 వరకు పెంచండి, వెలుగునీడల లెక్క చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచు తెగకుండా చూసుకోండి. కెమెరా తన మార్పులేవీ చేయని రా ఫైల్‌లో తీయండి.

పొడవాటి శాసనాన్ని ఒక్క ఫొటోలో ఇరికించాలని చూడకండి. ముందు మొత్తం ఒకటి తీసి, తర్వాత ఎడమ నుంచి కుడికి ముక్కలుగా, ఒక్కో ముక్కలో ముందుదాని మూడో వంతు మళ్లీ వచ్చేలా తీయండి. దగ్గరి గోడ అయితే నిలబడిన చోటే తిరగకుండా గోడ వెంట పక్కకు జరగండి. తిరిగితే రెండు చివరల అక్షరాలు చిన్నవైపోతాయి.

ఫోన్‌తో తీసేవాళ్లు మొదట ఆపాల్సింది ఆటో హెచ్‌డీఆర్. అది నీడలను వెలిగిస్తుంది. ఇక్కడ నీడే కదా అక్షరం. డిజిటల్ జూమ్ వద్దు, 2 లేదా 3 రెట్ల లెన్స్ విడిగా ఉంటే దాన్నే వాడండి. ఫోన్ తనంతట తాను చేసే నునుపు, పదును కూడా తగ్గించుకోండి. రోమన్ శాసనాల్లో మాటకూ మాటకూ మధ్య వరుస నడుమ ఎత్తులో చిన్న త్రికోణపు చుక్క ఉంటుంది. ఫోన్ నునుపు చేస్తే ముందు పోయేది ఆ చుక్కే. అది పోతే రెండు పొట్టి మాటలు కలిసి మూడో మాట అయిపోతుంది.

సెప్టిమియస్ సెవెరస్ తోరణం, నాలుగో వరుస

ఈ పద్ధతి అంతా ఎందుకో ఒక్కచోట చూడాలంటే రోమన్ ఫోరంలోని ఈ తోరణం దగ్గరకు వెళ్లాలి. క్రీ.శ. 203లో సెవెరస్ చక్రవర్తికీ అతని ఇద్దరు కొడుకులు కారకల్లా, గేటాలకూ దీన్ని కట్టారు. 211లో కారకల్లా తమ్ముణ్ని చంపించి, అతని పేరు రాజ్యమంతటా చెరిపించాడు. ఈ తోరణం మీద గేటా పేరున్న నాలుగో వరుస చెక్కేసి, అక్కడ ‘ఓప్టిమిస్ ఫోర్టిస్సిమిస్క్వే ప్రిన్‌కిపిబుస్’, మహోత్తములూ మహాశూరులూ అయిన ప్రభువులకు, అని కొత్తగా కంచు అక్షరాలు బిగించారు.

అక్షరాలను పట్టి ఉంచిన మేకుల రంధ్రాలు మాత్రం పోలేదు. ఎండ రాసుకుంటూ పడినప్పుడు నాలుగో వరుసలో ఇప్పటి అక్షరాలకు ఏమాత్రం సంబంధం లేని చోట్ల చిన్న గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. ఆ వరుస రాయి కూడా కొంచెం లోపలికి దిగి ఉంటుంది. అవి చెరిపేసిన పేరు తాలూకు గుంటలు. వాయవ్యం వైపు ముఖాన్ని కాపిటలైన్ కొండ మీద, సెనటోరియో భవనం పక్కనుంచి ఫోరం వైపు చూసే చోటినుంచి తీయండి. అక్కడ మీరూ ఎత్తులోనే ఉంటారు కాబట్టి కెమెరా దాదాపు తిన్నగా నిలుస్తుంది. వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి 4 మధ్య ఎండ ఆ ముఖాన్ని రాసుకుంటూ వస్తుంది. నాలుగో వరుసను విడిగా, ఫ్రేమ్ నిండా, కనీసం నాలుగు ముక్కలుగా తీయండి.

అక్షరాలు పూర్తిగా పోయి రంధ్రాలే మిగిలిన చోట్లు కూడా ఉన్నాయి. నీమ్‌లోని మేజోఁ కారే గుడి ముందరి రంధ్రాలను బట్టి జాఁ ఫ్రాఁస్వా సెగ్యే 1758లో అసలు శాసనాన్ని చదివాడు. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ దత్తపుత్రులు గాయస్, లూసియస్‌ల పేర్లు అందులో ఉన్నాయి. సెగోవియా జలసేతువు మీది గుంటలను ఈ పద్ధతిలోనే గేజా అల్ఫోల్డీ చదివాడు. ఇలాంటి వాటికి రాసుకుంటూ పడే ఎండ మరీ ఎక్కువైనా ఇబ్బందే, రాతి గరుకుతనం రంధ్రాల్లో కలిసిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల ఎండలో గుంటల లోపలి చీకటి స్పష్టంగా విడిపోతుంది.

ఎండ అక్కర్లేని చోట్లు

పాంథియన్ ముఖం ఉత్తరానికి. ‘మార్కస్ అగ్రిప్పా, లూసియస్ కొడుకు, మూడోసారి కాన్సల్ (రోమ్ అత్యున్నత పాలనాధికారి), కట్టించాడు’ అనే పెద్ద అక్షరాలు నీడలోనే ఉంటాయి. గుంటల్లో కంచు ఉండటం వల్ల రంగు తేడాతోనే చదవవచ్చు, మబ్బు రోజైనా పరవాలేదు. ఇప్పటి గుడి కట్టించింది హేడ్రియన్. అగ్రిప్పా పాత గుడి శాసనాన్నే మళ్లీ పెట్టించాడు. చిక్కంతా దాని కింద ఉన్న సన్నటి వరుసలతో. క్రీ.శ. 202లో సెవెరస్, కారకల్లా చేయించిన మరమ్మతు గురించిన ఆ రాత లోతు తక్కువ, కంచు లేదు. చౌరస్తాకు అవతలి భవనాల మీద ఎండ బలంగా పడే మధ్యాహ్నం వేళ, ఆ గోడల నుంచి తిరిగి వచ్చే వెలుతురు ఈ ముఖం మీద కాస్త పడుతుంది. మధ్యలోని ఫౌంటెన్ దగ్గర నిలబడి లాంగ్ లెన్స్‌తో తీసి, కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచుకోవాలి.

పొంపేయిలో వియా దెల్ అబ్బొందాన్‌జా వీధి గోడల మీద ఉన్నవి చెక్కిన రాతలు కావు, సున్నపు గార మీద కుంచెతో రాసిన ఎన్నికల ప్రకటనలు. ఇక్కడ పైన చెప్పినదంతా తిరగేయాలి. రాసుకుంటూ పడే ఎండ గార గతుకులను లేపి రాతను మింగేస్తుంది. గోడంతా నీడలో ఉన్నప్పుడు, లేదా మబ్బు వేసినప్పుడు తీయండి. వైట్ బ్యాలెన్స్ నీడకు మార్చండి. తర్వాత నలుపు తెలుపులోకి మార్చి ఎరుపు రంగు ప్రకాశం మాత్రం తగ్గిస్తే, వెలిసిపోయిన ఎర్రటి అక్షరాలు గోడ మీద నల్లగా తేలతాయి. ‘ఓ’, ‘వి’, ‘ఎఫ్’ అక్షరాలు కలిపి ముడిలా రాసినది కనిపిస్తే వదలకండి. ‘ఇతన్ని ఎన్నుకోండి, వేడుకుంటున్నాను’ అని దాని అర్థం.

విషాద కవి ఇల్లు అని పిలిచే ఇంటి గుమ్మంలోని ‘కావే కానెమ్’, కుక్క ఉంది జాగ్రత్త, మొజాయిక్‌కు అద్దం అడ్డు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఆకాశం ప్రతిబింబం మీ నీడలో పడేలా నిలబడండి, పోలరైజర్ ఫిల్టర్‌ను తిప్పి చూడండి. అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు సగం తగ్గుతుంది) వెలుతురు తినేస్తుంది కాబట్టి ఐఎస్ఓ ఆ మేరకు పెంచాలి.

ఎఫెసస్‌లో రెండు గోడలు లంబకోణంలో ఉండటం అదృష్టం. కెల్సస్ గ్రంథాలయం తూర్పుకు చూస్తుంది, పక్కనే ఉన్న మజేయస్, మిత్రిదాతెస్‌ల ద్వారం దక్షిణానికి. మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు గ్రంథాలయం, మిట్టమధ్యాహ్నం ద్వారం. ద్వారానికి ఇరుపక్కలా లాటిన్, నడుమ గ్రీకు. రెండు భాషలూ ఒకే ఫ్రేమ్‌లో వచ్చేలా చూడండి.

చేయకూడనివి

అక్షరాల్లో సుద్ద పూయడం, రాతి మీద నీళ్లు చల్లడం, వేలితో గాడి వెంట గీయడం ఎక్కడైనా తప్పే. ఇటలీలో 2014 నుంచి సొంతానికి, చదువుకు, లాభాపేక్ష లేని పనికి తీసే ఫొటోలకు అనుమతి అక్కర్లేదు. షరతులు మాత్రం ఉన్నాయి: వస్తువును తాకకూడదు, దాని మీద లైట్ వేయకూడదు, మ్యూజియంలు, తవ్వకాల స్థలాల్లో ట్రైపాడ్ నిలపకూడదు. వ్యాపారానికి వాడితే అనుమతి, రుసుము తప్పవు. వాటికన్‌లోని సిస్టైన్ ఛాపెల్‌లో ఫొటోలే నిషేధం.

టార్చి వాడలేనప్పుడు చిన్న సమాధి రాళ్లకు నల్ల గొడుగు పనికొస్తుంది. నీడలో ఉన్న రాతికి ఆకాశం నుంచి అన్ని వైపులా వెలుతురు వస్తుంటుంది. తోడు వచ్చినవాళ్లు గొడుగు విప్పి రాతికి కుడివైపున, ముందువైపున అడ్డం పట్టుకుంటే ఎడమ పైనుంచి వచ్చే వెలుతురే మిగులుతుంది, అక్షరాలకు ఒకపక్క నీడ వస్తుంది. రోమ్ నుంచి బయటికి వెళ్లే పాత అప్పియన్ దారి పక్కన, మ్యూజియం వరండాల్లో దీన్ని మించిన సాధనం లేదు.

అక్కడినుంచి కదిలే ముందు

తెర మీద ఫొటోను పూర్తిగా పెద్దది చేసి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవండి. భాష రాకపోయినా ఆకారాలు పోల్చుకోవచ్చు. రోమన్లు ‘యు’ అక్షరాన్ని ‘వి’లా చెక్కేవారని గుర్తుంటే సగం చిక్కు తీరుతుంది. పొట్టి మాటలు కొన్ని తెలుసుకోండి: ‘కోస్’ అంటే కాన్సల్, పేర్ల మధ్య ‘ఎఫ్’ అంటే కొడుకు, సమాధుల మీది ‘డి ఎం’ అంటే పితృదేవతలకు. ‘ట్రిబ్ పోట్’ పక్కన అంకె ఉంటే అది చక్రవర్తికి ఏటా కొత్తగా లెక్కించే ట్రిబ్యూన్ అధికారం ఎన్నోసారి వచ్చిందో చెబుతుంది. తేదీ కట్టేది ఆ అంకెతోనే. ట్రాజన్ స్తంభం మీద అది 17, అందువల్లే ఆ శాసనం క్రీ.శ. 113 నాటిదని తెలిసింది. ఆ అంకె మీద పావురం రెట్టో, పరంజా కర్రో, ఎవరి టోపీయో అడ్డొచ్చిందేమో చూసుకోండి. వస్తే ఇంకోటి తీయండి.

ఫైల్ పేరులో ఊరు, కట్టడం, ఏ దిక్కు ముఖం, గంట రాసి పెట్టండి. చాలా లాటిన్ శాసనాలకు సి.ఐ.ఎల్. (కార్పుస్ ఇన్‌స్క్రిప్తియోనుమ్ లాటినారుమ్) అనే మహా సంకలనంలో సంపుటి, వరుస సంఖ్య ఉంటాయి. 6వ సంపుటి రోమ్ నగరానిది. పాంథియన్ 6, 896. ట్రాజన్ స్తంభం 6, 960. సెవెరస్ తోరణం 6, 1033. కాన్‌స్టంటైన్ తోరణం 6, 1139. ఆ సంఖ్య శీర్షికలో ఉంటే మీ ఫొటో చూసినవాళ్లు పూర్తి పాఠాన్ని వెతికి, మీరు తీసిన అక్షరాలతో వరుస వరుసా పోల్చుకోగలుగుతారు.